వెబ్ ఆప్షన్లలో దొరికే సీటు ముందు పెట్టాలా, కోరుకున్న సీటు ముందు పెట్టాలా?

ప్రశ్న అడిగిన అమ్మాయిది నెల్లూరు జిల్లా. ఎంబీబీఎస్ ఒంగోలులో చదివి అక్కడే హౌస్ సర్జన్ చేస్తోంది. నీట్ పీజీ పరీక్ష ర్యాంకుతో పీజీ సీటు కోసం, ఏ కాలేజీలో ఏ బ్రాంచి కావాలో ఇష్టం వరుసలో ఆన్‌లైన్లో పెట్టుకోవాలి. వాటినే వెబ్ ఆప్షన్లు అంటారు. ఆమె అడిగింది క్లుప్తంగా ఇదీ: "నీట్ పీజీలో మధ్యస్థంగా ర్యాంకు వచ్చింది. జనరల్ మెడిసిన్ అంటే ఇష్టం. సీనియర్లేమో మంచి కాలేజీలు నీకు రావు, వాటిని పైన పెడితే ఆ ఆప్షన్లు వేస్ట్, ఈలోపు కింద పెట్టినవి వేరేవాళ్ళు తీసుకుపోతారు, దొరికేవే ముందు పెట్టు అని చెప్తున్నారు. నిజమేనా? అమెరికాలో మా పెద్దమ్మ కొడుక్కి మ్యాచ్ అనే పద్ధతిలో సీటొచ్చింది. అక్కడ ఆస్పత్రులు కూడా మనల్ని ఎంచుకుంటాయట. మన దగ్గర ఆ పద్ధతి ఎందుకు లేదు?"

నిజం కాదమ్మా. మీకు ఏది ఎక్కువ ఇష్టమో అదే ఒకటో నంబరు. వస్తుందా రాదా అన్న లెక్క ఆ వరుసలోకి రానే కూడదు. రాని సీటు పైన పెట్టినందువల్ల కింద ఉన్న సీటు ఒక్కటి కూడా చేజారదు. జాగ్రత్త పడాల్సిన చోట్లు వేరే ఉన్నాయి, వాటి గురించి వివరంగా చెప్తాను. నేను జనరల్ మెడిసిన్ చేసి ఇరవై ఏళ్ళు దాటింది. ఏటా కౌన్సెలింగ్ సమయంలో మా హౌస్ సర్జన్లు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని నా గదికి వస్తారు. ఈ ఒక్క అపోహ వల్ల పిల్లలు నష్టపోవడం చాలాసార్లు చూశాను కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను.

ముందు నా కథ చెప్తే విషయం తేలికగా అర్థమవుతుంది. 2003లో వెబ్ ఆప్షన్లు లేవు. హెల్త్ యూనివర్సిటీ వాళ్ళు విజయవాడకి పిలిచేవాళ్ళు. నాన్నా నేనూ కావలిలో రాత్రి బండెక్కి, తెల్లవారేసరికి అక్కడ దిగి, సర్టిఫికెట్ల ఫైలు ఒళ్ళో పెట్టుకుని హాల్లో కూర్చున్నాం. ఎదురుగా తెర మీద కాలేజీల వారీగా మిగిలిన సీట్లు కనపడుతుండేవి. ర్యాంకు ప్రకారం పేరు పిలుస్తారు, వెళ్ళి నిలబడాలి, ఏ సీటు కావాలో చెప్పాలి, సంతకం పెట్టాలి. నాకు రేడియాలజీ మీద ఆశ ఉండేది. నాకన్నా ఇద్దరు ముందు ఆఖరి సీటు అయిపోయింది. నా వంతు వచ్చినప్పుడు తెర మీద కర్నూలులో జనరల్ మెడిసిన్ ఉంది, అదే చెప్పాను. రేడియాలజీ కోరుకున్నందుకు నా చేతిలోంచి ఎవరూ మెడిసిన్ లాక్కోలేదు. నా వంతు నాదే, వెనక ర్యాంకు వాళ్ళు నేను చెప్పేదాకా ఆగాల్సిందే.

ఇప్పుడు వెబ్ ఆప్షన్లలో జరిగేదీ అచ్చం అదే. తేడా అల్లా మీరు హాల్లో ఉండరు. మీ బదులు ఒక చీటీ కంప్యూటర్ దగ్గర ఉంటుంది. మీకన్నా మెరుగైన ర్యాంకు వాళ్ళందరి చీటీలూ చూశాక మీది తెరుస్తుంది. ఒకటో ఆప్షన్‌లో ఓపెన్ సీటు మిగిలిందా? లేకపోతే మీ కేటగిరీ సీటు ఉందా? రెండూ లేకపోతే రెండో ఆప్షన్‌కి వస్తుంది. ఇలా నూట ఎనభయ్యో ఆప్షన్ దాకా వెళ్ళాల్సి వచ్చినా వెళ్తుంది. మీ చీటీ చూడటం పూర్తయ్యేదాకా మీ వెనక ర్యాంకు చీటీని తెరవదు. "ఈలోపు వేరేవాళ్ళు తీసుకుపోతారు" అనే మాటకి అక్కడ తావే లేదు. ఇతర కేటగిరీల వాళ్ళకి వెనక ర్యాంకుతో సీటు వచ్చినట్టు కనిపించినా, అది వాళ్ళకి కేటాయించిన సీటు. మీ వరుసతో దానికి సంబంధం లేదు.

కొన్నేళ్ళ క్రితం మా దగ్గర హౌస్ సర్జన్ చేసిన ఒక అమ్మాయికి పిల్లల వైద్యం అంటే ప్రాణం. ఇంట్లో ఎవరో చెప్పారని, "ఖాయంగా వచ్చేవి" అంటూ వేరే బ్రాంచి సీట్లు మొదటి ఇరవై స్థానాల్లో పెట్టింది. రెండో ఆప్షనే వచ్చింది. సాయంత్రం అలాట్‌మెంట్ లిస్టు చూస్తే, ఆమె ముప్పయ్యో నంబరులో పెట్టిన పీడియాట్రిక్స్ సీటు ఆమెకన్నా వెనక ర్యాంకు ఉన్న క్లాస్‌మేట్‌కి వచ్చింది. ఇద్దరిదీ ఒకే కేటగిరీ, ఒకే కోటా. వరుస సరిగ్గా పెట్టి ఉంటే అది ఆమె సీటే. ఆ రాత్రి ఆ పిల్ల ఏడుపు ఫోన్లో విన్నాక, ఎవరడిగినా ఈ విషయమే మొదట చెప్తున్నాను.

మీ అమెరికా ప్రశ్నకి జవాబు కూడా దీనికే ముడిపడి ఉంది. అక్కడ 1940ల్లో మంచి విద్యార్థుల కోసం ఆస్పత్రులు పోటీలు పడి, చదువు పూర్తవడానికి రెండేళ్ళ ముందే ఉద్యోగం ఇస్తామనేవి. వెంటనే ఒప్పుకుంటావా లేదా అని ఒత్తిడి పెట్టేవి. ఆ గందరగోళం ఆపడానికి 1952లో మ్యాచ్ మొదలైంది. విద్యార్థి ఇంటర్వ్యూలకి వెళ్ళి ఆస్పత్రులను వరుసగా రాస్తాడు, ఆస్పత్రులు విద్యార్థులను వరుసగా రాస్తాయి, కంప్యూటర్ రెండింటినీ కలుపుతుంది. 1962లో గేల్, షాప్లీ అనే ఇద్దరు గణితవేత్తలు ఇలాంటి జతలు ఎలా కుదిర్చితే స్థిరంగా ఉంటాయో సిద్ధాంతంగా రాశారు. ఆస్పత్రుల మ్యాచ్ అప్పటికే దాదాపు అదే పద్ధతిలో నడుస్తోందని తర్వాత ఆల్విన్ రాత్ అనే ఆర్థికవేత్త చూపించాడు. ఆయన సాయంతోనే 1998 నుంచి విద్యార్థి లిస్టుతో మొదలయ్యేలా మార్చారు. 2012లో రాత్‌కీ షాప్లీకీ అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఇప్పుడు ఏటా 40 వేలకు పైగా సీట్లు ఆ పద్ధతిలోనే నింపుతున్నారు, ఫలితం మార్చి మూడో శుక్రవారం వస్తుంది. అక్కడి పిల్లలకి కూడా చెప్పేది ఒకటే: మనసులో ఉన్న వరుసే రాయండి, ఎత్తులు వేయకండి.

మన దగ్గర ఆస్పత్రి ఎంచుకోదు. ర్యాంకు ఒక్కటే వరుస. అది బాగా లేదని కొందరంటారు. ఒక్క రోజు మూడున్నర గంటల పరీక్ష, 200 ప్రశ్నలు, 800 మార్కులు, దాని మీదే జీవితం అంటే కష్టమే. కానీ కందుకూరు దగ్గర పల్లె నుంచి వచ్చి, పెద్ద డాక్టర్లు ఎవరూ తెలియని పిల్లకి ఇంటర్వ్యూలు, సిఫారసు ఉత్తరాలు లేని ఈ పద్ధతిలోనే న్యాయం ఎక్కువ జరుగుతుందని నా నమ్మకం. ఇంటర్వ్యూ పెట్టిన చోట ఇంటిపేరు అడగరని నేను హామీ ఇవ్వలేను.

ఇక సీట్లు ఎక్కడెక్కడ ఉంటాయో చూద్దాం. మీకు వచ్చిన ర్యాంకు ఒకటే, కానీ దాంతో రెండు తలుపులు తట్టొచ్చు. మొదటిది ఢిల్లీలోని ఎంసీసీ, అంటే కేంద్రం తరఫున కౌన్సెలింగ్ జరిపే మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ. దేశంలోని ప్రభుత్వ కాలేజీల పీజీ సీట్లలో సగం, డీమ్డ్ యూనివర్సిటీల (యూనివర్సిటీ హోదా పొందిన సంస్థల) సీట్లన్నీ, సెంట్రల్ యూనివర్సిటీలవి, డీఎన్‌బీ (ఆస్పత్రుల్లో చేసే ఇంకో రకం పీజీ) సీట్లు అక్కడ నింపుతారు. ప్రభుత్వ కాలేజీల్లోని ఆ సగాన్నే ఆలిండియా కోటా అంటారు. దానికి మూలం 1984లో ప్రదీప్ జైన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. పీజీలో మొదట పాతిక శాతం ఉండేది, తర్వాత సగం అయింది. రెండో తలుపు విజయవాడలోని మన ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ. ప్రభుత్వ కాలేజీల్లో మిగిలిన సగం, ప్రైవేటు కాలేజీల కన్వీనర్ కోటా, మేనేజ్‌మెంట్ కోటా ఇక్కడ ఉంటాయి. నెల్లూరులో ఏసీఎస్సార్ ప్రభుత్వ కాలేజీకి, మీ ఒంగోలు రిమ్స్‌కి, గుంటూరుకి, తిరుపతికి ఈ రెండు తలుపుల నుంచీ దారి ఉందన్నమాట. రెండు చోట్లా విడివిడిగా రిజిస్టర్ చేసుకోవాలి. ఒకటి చేస్తే రెండోది దానంతట అదే అవుతుందని అనుకుని గడువు దాటించుకున్నవాళ్ళు ప్రతి ఏడూ కనపడతారు. ఎయిమ్స్, జిప్మర్, చండీగఢ్ పీజీఐ, నిమ్‌హాన్స్ లాంటి ఐఎన్ఐలు, అంటే జాతీయ ప్రాముఖ్యం ఉన్న సంస్థలు, ఈ లెక్కలో లేవు. వాటికి ఐఎన్ఐ సెట్ అని ఏడాదికి రెండుసార్లు వేరే పరీక్ష. మన మంగళగిరి ఎయిమ్స్ కూడా దాని ద్వారానే.

మీ విషయంలో ఒకటి ప్రత్యేకంగా చూసుకోవాలి. మీ ఊరు నెల్లూరు కాబట్టి మీరు ఎస్వీయూ ఏరియా, అంటే శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ పరిధిలో స్థానికులు, అనుకుంటూ ఉంటారు. 1974 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం నెల్లూరు ఎస్వీయూ కిందికి, ప్రకాశం ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ) కిందికి వస్తాయి. రెండు ఊళ్ళ మధ్య రైల్లో రెండు గంటల దారి, కానీ ఈ లెక్కలో వేరు వేరు. స్థానికత చూసేది అర్హత పరీక్షకి ముందు వరుసగా నాలుగేళ్ళు ఎక్కడ చదివారని. పీజీకి అర్హత పరీక్ష అంటే ఎంబీబీఎస్, మీరు అది ఒంగోలులో చదివారు. ఇంటర్ సర్టిఫికెట్ చూసి ఎంబీబీఎస్‌లో ఎస్వీయూ అయినవాళ్ళు పీజీలో కూడా అంతే అనుకుంటే పొరపాటు. దీనికి తోడు 2025 జనవరిలో తన్వీ బెహల్ కేసులో, పీజీ సీట్లలో నివాసం ఆధారంగా రిజర్వేషన్ చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. అందుకని ఈసారి యూనివర్సిటీ నోటిఫికేషన్‌లో స్థానికత పేరాను పెన్ను పట్టుకుని రెండుసార్లు చదవండి. సీనియర్ చెప్పిన పాత రూలు మీద ఆధారపడొద్దు.

సర్టిఫికెట్ల దగ్గర కూడా ఇలాంటి ఇబ్బందే ఉంది. రాష్ట్రంలో బీసీలకు ఏ నుంచి ఈ వరకు కలిపి 29 శాతం, ఎంసీసీలో ఓబీసీకి 27 శాతం. కానీ ఎంసీసీకి మన బీసీ సర్టిఫికెట్ పనికిరాదు. మీ కులం కేంద్ర జాబితాలో ఉండాలి, నాన్ క్రీమీలేయర్ (ఆదాయ పరిమితి దాటని కుటుంబం) అని కేంద్రం ఇచ్చిన నమూనాలో తహసీల్దార్ సంతకం ఉండాలి. ఈడబ్ల్యూఎస్ (ఓసీల్లో ఆర్థికంగా వెనకబడినవాళ్ళ కోటా) అయితే ఆ ఆర్థిక సంవత్సరానిదే కావాలి, పోయినేడాదిది చెల్లదు. వీటికోసం అలాట్‌మెంట్ వచ్చాక పరిగెత్తితే కాలేజీలో రిపోర్టింగ్ గడువు ముగిసిపోతుంది. రేపే సచివాలయంలో దరఖాస్తు పెట్టండి.

ఇప్పుడు జాగ్రత్తగా ఉండాల్సిన అసలు చోటుకి వస్తున్నాను. వరుస గురించి భయపడక్కర్లేదన్నాను కదా, భయపడాల్సింది లిస్టులో ఏం ఉందన్న దాని గురించి. చేరను అనుకున్న సీటు ఒక్కటి కూడా లిస్టులో ఉండకూడదు. కంప్యూటర్‌కి మీ మనసులో మాట తెలియదు. ఉంటే ఇచ్చేస్తుంది.

ఎంసీసీలో మొదటి రౌండులో సీటొచ్చి చేరకపోయినా నష్టం లేదు, దాన్ని ఫ్రీ ఎగ్జిట్ అంటారు. రెండో రౌండు నుంచి అలా కాదు. చేరకపోతే రిజిస్ట్రేషన్ అప్పుడు కట్టిన డిపాజిట్ పోతుంది. ప్రభుత్వ సీట్లకు ఆ డిపాజిట్ జనరల్ వాళ్ళకి 25,000, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగులకు 10,000. డీమ్డ్ కాలేజీలకి అయితే 2 లక్షలు. మూడో రౌండులో చేరకపోతే తర్వాత రౌండుకి కూడా రానివ్వరు. మిగిలిపోయిన సీట్లు నింపే ఆఖరి స్ట్రే రౌండులో సీటొచ్చి వదిలేస్తే డిపాజిట్ పోవడంతో ఆగదు, వచ్చే పరీక్షకి కూడా డిబార్ చేస్తారు. "ఏదో ఒకటి రానీ, తర్వాత చూద్దాం" అని స్ట్రే రౌండులో దూర రాష్ట్రంలో ఇష్టంలేని సబ్జెక్టు పెట్టి, వచ్చాక వెళ్ళలేక, ఒక ఏడాదంతా పోగొట్టుకున్న కుర్రవాణ్ణి నేనెరుగుదును. అతను చదువులో నాకన్నా తెలివైనవాడు.

అప్‌గ్రేడ్ సంగతి ఇంకా జాగ్రత్తగా వినండి. మొదటి రౌండు సీటులో చేరి, అప్‌గ్రేడ్‌కి సరే అని ఇస్తే, రెండో రౌండులో మీ లిస్టులో పైనున్నది ఏదైనా ఖాళీ అయితే అది వస్తుంది. కొత్తది వచ్చిన క్షణమే పాత సీటు పోతుంది. కొత్తది నచ్చలేదు, పాతదే ఉంచుకుంటా అంటే కుదరదు. మా దగ్గర చదివిన ఒక అబ్బాయికి మొదటి రౌండులో మన రాష్ట్రంలోనే జనరల్ సర్జరీ వచ్చింది. నెల్లూరుకి దగ్గర, వాళ్ళమ్మకి డయాలసిస్ నడుస్తోంది, చాలా సంతోషించాడు. రెండో రౌండులో ఊరికే చూద్దామని అప్‌గ్రేడ్ నొక్కి, పాత లిస్టునే మళ్ళీ పెట్టాడు. ఆ లిస్టులో అతనికి వచ్చిన సీటుకి పైన, ఎప్పుడో పేరు చూసి పెట్టిన ఒక ఉత్తరాది కాలేజీ ఉంది. అదే వచ్చింది. పాత సీటు అప్పటికే ఇంకొకరికి వెళ్ళిపోయింది. మూడేళ్ళు అక్కడే చదివాడు, మంచి సర్జన్ అయ్యాడు, కానీ ఆ మూడేళ్ళలో వాళ్ళమ్మ దగ్గర ఉండలేకపోయాడు. అందుకే ప్రతి రౌండుకీ లిస్టు కొత్తగా రాయండి. చేతిలో ఉన్న సీటుకన్నా నిజంగా మేలనుకున్నవి మాత్రమే ఉంచండి. ఏదీ మేలు కాదనుకుంటే అప్‌గ్రేడ్‌కి వద్దు అని చెప్పండి.

రెండు కౌన్సెలింగులు ఒకదాని వెనక ఒకటి నడుస్తాయి, చేరినవాళ్ళ వివరాలు ఇద్దరూ పంచుకుంటారు. ఒకచోట రెండో రౌండు దాటాక సీటు పట్టుకుని కూర్చుంటే రెండోచోట తీసుకోనివ్వరు. ఎంసీసీ సీటు వదిలి రాష్ట్రానికి రావాలనుకుంటే రాజీనామాకి ఆఖరి తేదీ ఎప్పుడో రిపోర్ట్ చేసిన రోజే రాసి పెట్టుకోండి. సీట్లు అట్టిపెట్టుకుని ఆఖర్న వదిలేసే వాళ్ళ వల్ల మంచి ర్యాంకు పిల్లలు నష్టపోతున్నారని 2025 మేలో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది. ప్రైవేటు, డీమ్డ్ కాలేజీలు కౌన్సెలింగ్‌కి ముందే ఫీజులు బయటపెట్టాలని కూడా ఆ తీర్పులో ఉంది. డీమ్డ్ సీట్లు లిస్టులో పక్కపక్కనే కనిపిస్తాయి, ఫీజు మాత్రం కొన్నిచోట్ల ఏడాదికి పదుల లక్షలు ఉంటుంది. నాన్నగారితో కూర్చుని మూడేళ్ళ లెక్క వేశాకే వాటిని ముట్టుకోండి.

వరుస ఎలా రాయాలి? నేను పిల్లలకి చెప్పేది: ముందు కంప్యూటర్ తెరవొద్దు. తెల్లకాగితం తీసుకుని బ్రాంచి ముఖ్యమా, ఊరు ముఖ్యమా తేల్చుకోండి. "గుంటూరులో అనస్థీషియా, విశాఖలో మెడిసిన్ రెండూ ఎదురుగా ఉంటే ఏది పట్టుకుంటాను?" అని రెండేసి సీట్లు పక్కపక్కన పెట్టి మిమ్మల్ని మీరే అడగండి. పాతిక జతలు అలా తేల్చేసరికి మీ మనసు మీకే తెలుస్తుంది. పోయినేడాది ఏ ర్యాంకుకి ఏ సీటు వచ్చిందన్న లిస్టు చూడటం తప్పు కాదు. అది లిస్టు ఎంత పొడుగు రాయాలో చెప్తుంది. ఏ వరుసలో రాయాలో మాత్రం దాన్ని అడగొద్దు. ఆప్షన్లకు పరిమితి లేదు, ఇష్టమైనవన్నీ పెట్టండి.

కాలేజీ గురించి తెలుసుకోవడానికి వెబ్‌సైటు సరిపోదు. మెడిసిన్ కావాలంటున్నారు కాబట్టి ఆ ఆస్పత్రిలో సెకండియర్ పీజీని ఎవరినైనా పట్టుకుని ఇవి అడగండి: రాత్రి డ్యూటీలో ఎన్ని అడ్మిషన్లు వస్తాయి, ఐసీయూలో వెంటిలేటర్ మీద మీ చేయి పడుతుందా, ప్రొఫెసర్ రౌండ్స్ రోజూ ఉంటాయా, స్టైపెండ్ నెలనెలా వస్తుందా. పేరున్న కాలేజీలో మూల కూర్చుని ఫైళ్ళు రాసిన పీజీలను చూశాను, చిన్న జిల్లా కాలేజీ నుంచి పాము కాటు, పురుగుమందు కేసులు వందల్లో చూసి చేయి తిరిగి వచ్చినవాళ్ళనూ చూశాను. మెడిసిన్, సర్జరీల్లో రోగుల సంఖ్యే గురువు. ఎక్కడ చేరినా మూడు నెలలు జిల్లా ఆస్పత్రిలో డీఆర్‌పీ (డిస్ట్రిక్ట్ రెసిడెన్సీ ప్రోగ్రాం) పోస్టింగ్ ఎలాగూ ఉంటుంది. ప్రభుత్వ సీటు తీసుకుంటే చదువయ్యాక ప్రభుత్వ సర్వీసు చేయాలనే ఆ రాష్ట్రం బాండ్ షరతు ఏమిటో కూడా ముందే చదవండి. రాష్ట్రానికో రూలు ఉంది.

చిన్న విషయాలు మూడు. డిపాజిట్ ఏ ఖాతా నుంచి కడతారో తిరిగి అదే ఖాతాకి వస్తుంది, కాబట్టి నెట్ సెంటర్ వాళ్ళ ఖాతా నుంచో, దూరపు బంధువు కార్డు నుంచో కట్టొద్దు. పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వొద్దు, మీ లిస్టు మీ చేత్తోనే పెట్టండి. గడువు ఆఖరి గంట దాకా ఆగకుండా ముందురోజే లాక్ చేసి ప్రింటు తీసి, ఆ కాగితాన్ని మీ తెల్లకాగితంతో ఒక్కొక్క నంబరూ టిక్కు పెట్టుకుంటూ సరిచూసుకోండి. కాలేజీ కోడ్‌లో ఒక్క అంకె తేడాతో ఊరే మారిపోయిన సందర్భం నా కళ్ళముందే జరిగింది.

ర్యాంకు మధ్యస్థం అని మీరు దిగులు పడుతున్నట్టున్నారు. మొదటి రౌండు చూసి నిర్ణయానికి రావొద్దు. పైనున్నవాళ్ళు ఐఎన్ఐ సంస్థలకి, వేరే రాష్ట్రాలకి వెళ్ళేకొద్దీ రెండు, మూడు రౌండుల్లో మంచి సీట్లు ఖాళీ అవుతాయి. అప్పుడు కూడా వంతు ర్యాంకు ప్రకారమే.

మీ తెల్లకాగితం రాయడం పూర్తయ్యాక మొదటి ముప్పై ఆప్షన్లు ఇక్కడ కింద రాయండి. పేరు, రోల్ నంబరు వద్దు. కేటగిరీ, ఇంటి నుంచి ఎంత దూరం వెళ్ళగలరు, ఫీజు ఎంతవరకు కట్టగలరు, ఈ మూడు చెప్తే చాలు. ఆదివారం నాకు ఓపీ ఉండదు, కూర్చుని చూస్తాను.